తీరం కథ – 9వ భాగం: ఇంకో దామెర్ల

పోయిన భాగాన్ని దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఆపాను. దుగరాజపట్నం రేవులో వ్యాపారం సాగక విసిగిపోయిన ఫ్రాన్సిస్ డే 1639లో ఆయన్ని ఆశ్రయించి చెన్నపట్నం ఇసుక నేల సంపాదించుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లీషువాళ్లు మూటాముల్లె సర్దుకుని మన తీరం వదిలి పోయారు. ఈ భాగం కూడా ఒక దామెర్ల గురించే. ఇంటిపేరు కలిసింది కదా అని చుట్టరికం కలపొద్దు. ఆయన చంద్రగిరి రాయల కింద తీరాన్ని ఏలిన నాయకుడు. ఈయన రాజమండ్రిలో పుట్టి, 27 ఏళ్లకే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు.

నెల్లూరు తీరం కథలో గోదావరి ఒడ్డు బొమ్మలవాడికి ఏం పని అని అడగొచ్చు. ఇంతవరకు ఈ తీరానికి ఎవరెవరు వచ్చారు, ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఎవరితో కొట్లాడారు అన్నదే చెప్పుకుంటూ వచ్చాం. ఈ తీరాన్ని ఎవరైనా తీరిగ్గా నిలబడి చూశారా, చూసింది గీశారా అన్న ప్రశ్న మిగిలిపోయింది. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే దారి రాజమండ్రికే తీసుకుపోతుంది. పైగా ఒకప్పుడు అది నిజంగానే నీటిదారి. గోదావరి కాలవల్లో పడవెక్కితే ఏలూరు, బెజవాడ మీదుగా కొమ్మమూరు కాలవలోకి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలోకి దిగి, కృష్ణపట్నం, దుగరాజపట్నం, పులికాటు దాటి చెన్నపట్నం చేరేవాళ్లు. బియ్యం, ఉప్పు, సర్వి కట్టెలు ఆ కాలవ మీదే నడిచాయి.

మన తీరాన్ని మొదట గీసింది ఓడలవాళ్లు. అందం కోసం కాదు, ఓడ ఇసుకమేటకు తగలకుండా ఉండటం కోసం. సముద్రం మీంచి చూస్తే ఏది ఎక్కడ కనిపిస్తుందో పటం అంచున ఒక సన్నటి పట్టీలా గీసుకునేవాళ్లు. కోరమాండల్ తీరంలో వాళ్లకు పెద్ద ఇబ్బంది ఏమిటంటే గీయడానికి ఏమీ ఉండదు. నేల సముద్రానికి ఇంచుమించు సమానంగా ఉంటుంది. ఒక తాటితోపు, ఒక గోపురం, మబ్బు లేని రోజున ఎక్కడో లోపల నీలంగా నగరి కొండల ముక్కు. మిగతాదంతా ఒకే గీత. దుగరాజపట్నం ఎదురుగా నీళ్లలో దాగిన మేట ఉంది కాబట్టి ఆ గీతని వాళ్లు చాలా శ్రద్ధగా గీశారు. తర్వాత అక్కడ దీపస్తంభం లేచింది.

బొమ్మ కోసమే బొమ్మ గీసిన దొరలూ వచ్చారు. థామస్ డేనియల్, ఆయన అన్న కొడుకు విలియం 1792లో కలకత్తా నుంచి మద్రాసుకు వచ్చి దక్షిణాదంతా తిరిగారు. వాళ్లు గీసినవాటిని 1795 నుంచి 1808 దాకా లండన్‌లో 144 అచ్చు చిత్రాలుగా వేశారు. బారామహల్ కొండకోటలు, మధుర, తంజావూరు గోపురాలు, కుర్తాళం జలపాతం వాళ్లకు నచ్చాయి. ఆ రోజుల్లో ఇంగ్లండులో సుందర దృశ్యం అంటే ఒక లెక్క ఉండేది. ముందర ఓ విరిగిన గోడ, నడుమ నీళ్లు, వెనక కొండ, పక్కన వంగిన చెట్టు ఉండాలి. మన దగ్గర వంగిన చెట్టు తప్ప మిగతావి తక్కువ. కాలిన్ మెకంజీ సర్వే బృందాలు ఈ జిల్లాల్లో శాసనాలు, శిల్పాలు, కోటలు బోలెడు గీయించాయి. ఆ పనిలో ఏలూరు కావలి సోదరులు ఎంత శ్రమపడ్డారో ఇదివరకే చెప్పుకున్నాం. అయితే వాళ్లకు కావలసింది సమాచారం. ఉత్త ఇసుకలో సమాచారం ఏముంటుంది?

మరి మనవాళ్ల సంగతి? మనకు బొమ్మలు లేకేం. లేపాక్షి కప్పు నిండా ఉన్నాయి. శ్రీకాళహస్తి కలంకారీ బట్టల మీద రామాయణం మొత్తం ఉంది. కానీ అక్కడ చెట్టు ఎప్పుడూ సీతమ్మ పక్కన నిలబడటానికే ఉంటుంది. నది ఉంటే దాటడానికి ఉంటుంది. కథ లేని చోటు, మనిషి లేని నేల బొమ్మకు వస్తువే కాదు. ప్రబంధకవులు వానని, వెన్నెలని, ఎండాకాలాన్ని పద్యాల్లో అంతంత సేపు వర్ణించిన దేశంలో చిత్రకారుడు మాత్రం నేల వంక తలెత్తి చూడకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. గీసేవాడికి కూలి ఇచ్చేవాడు గుడివాడో జమీందారో అయినప్పుడు ఇంకెలా ఉంటుంది అని ఎవరైనా అంటే, అదీ నిజమే.

ఆ అలవాటు తప్పిన చోటు రాజమండ్రి.

దామెర్ల రామారావు 1897 మార్చి 8న అక్కడ పుట్టాడు. అదే ఏడాది చివర ఊరి పక్కన గోదావరి మీద రైలు వంతెన పని మొదలైంది. 1900లో దాని మీద రైలు నడిచింది. అంటే పిల్లవాడికి ఊహ తెలిసేసరికి గోదావరికి ఒక కొత్త గీత వచ్చి చేరింది. పైన పాపికొండలు, కింద ధవళేశ్వరం ఆనకట్ట, మధ్య ఈ ఊరు. రాజమండ్రి రేవులు పడమటి వైపు చూస్తాయి కాబట్టి రోజూ సాయంత్రం సూర్యుడు నీళ్లకు అవతల, కొవ్వూరు వైపున దిగుతాడు. బొమ్మలు వేసే కుర్రాడికి ఇంతకన్నా పెద్ద బడి అక్కర్లేదు. అయినా బడి కూడా దొరికింది.

ఆ బడి పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు 1909లో వచ్చి, ప్రిన్సిపాలుగా ఉండి, 1919లో ఇంగ్లండుకు తిరిగిపోయాడు. కథలు, కవితలు రాశాడు, నీటిరంగులు వేశాడు. సౌత్ ఇండియన్ అవర్స్ అనే పుస్తకంలో మన ఊళ్ల గురించి చెప్పుకున్నాడు. కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పి ఇంటికి పోయే దొర కాదు. బొమ్మ మీద, పాట మీద మనసున్న కుర్రాళ్లని చేరదీశాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వరదా వెంకటరత్నం, మన రామారావు ఆయన చుట్టూ చేరినవాళ్లే. బాపిరాజు తర్వాత బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకుని, నారాయణరావు, హిమబిందు నవలలతో ఇంటింటికీ తెలిశాడు. ఒక్క గురువు వాకిట్లోంచి ఇంతమంది బయటికి రావడం తెలుగునాట అరుదు. దొరల గురించి ఈ ధారావాహికలో చాలా చెడ్డ మాటలు రాశాను. కూల్డ్రే గురించి రాయడానికి నాకొక్కటీ దొరకలేదు.

కూల్డ్రే చేసిన పెద్ద పని శిష్యుణ్ణి అజంతాకు తీసుకుపోవడం. అప్పటికి అజంతా బొమ్మల గతి ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి ఏళ్ల తరబడి గుహల్లో కూర్చుని తీసిన నకళ్లు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. తర్వాత బొంబాయి జె.జె. కళాశాల నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో మళ్లీ నకళ్లు తీయిస్తే వాటిలో చాలా భాగం 1885లో లండన్‌లోనే ఇంకో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మన బొమ్మలు మన గుహల్లోనే గబ్బిలాల మధ్య ఉండి బతికాయి. లండన్ పోయినవే బూడిదయ్యాయి. రామారావు చూసింది ఆ మసకబారిన గోడల్నే. అక్కడి గీతలో ఉన్న వంపు, శరీరాల్లో ఉన్న తేలిక ఆయన చేతికి అంటుకున్నాయి. ఆ తర్వాత వేసిన మనుషుల బొమ్మలన్నిటిలోనూ అవి కనిపిస్తాయి.

1916లో బొంబాయి జె.జె. కళాశాల. ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈ కుర్రవాడి గీతలు చూసి కింది తరగతులు అక్కర్లేదని నేరుగా పై తరగతిలో చేర్చుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన గ్లాడ్‌స్టన్ సోలమన్ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసే పద్ధతిని గట్టిగా నడిపినవాడు. 1920లో రామారావు చదువు ముగిసింది. బొంబాయిలో ఆయనకు దొరికింది తైలవర్ణాల క్రమశిక్షణ, శరీర నిర్మాణం, వెలుగునీడల లెక్క. గుజరాత్, కాఠియావాడ్ వైపు తిరిగి అక్కడి మనుషుల్ని, అక్కడి నేలని గీశాడు. కాఠియావాడ్ పాలమ్మే స్త్రీల చిత్రం ఆ తిరుగుడులోదే. అహ్మదాబాదు చిత్రకారుడు రవిశంకర్ రావల్ ఆయనకు స్నేహితుడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే రామారావు పేరు ఎత్తగానే మన పుస్తకాలన్నీ ఋష్యశృంగ బంధనం దగ్గరికి పరుగెత్తుతాయి. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆ చిత్రానికి బహుమతి వచ్చింది కాబట్టి అది సహజమే. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం, కార్తీక పౌర్ణమి – ఈ పేర్లూ అందరికీ తెలుసు. నా మటుకు నాకు ఆయన కొత్తదనం వీటిలో సగమే ఉంది. మిగతా సగం గోదావరిని, కనుమల్ని, రేవుల్ని వేసిన ప్రకృతి చిత్రాల్లో ఉంది. వాటిలో కథ లేదు. దేవుడు లేడు. పాపికొండల్లో నది మలుపు తిరిగే చోట నీళ్ల మీద కొండ నీడ పడుతుంది, అంతే విషయం. ఆ అంతే విషయానికి ఒక తెలుగువాడు కాగితం, రంగు, పూట ఖర్చుపెట్టడం అప్పటికి కొత్త.

ఆరుబయట నీటిరంగు వేయడం ఎంత కష్టమో కొంచెం చెప్పాలి. తైలవర్ణమైతే తప్పు మీద ఇంకో పూత వేసి కప్పేయొచ్చు. నీటిరంగులో తెలుపంటే కాగితమే. వెలుగు ఉండే చోటు ముందే వదిలిపెట్టి చుట్టూ రంగు నడిపించాలి. ఎండలో పూత చిటికెలో ఆరిపోతుంది, గాలికి దుమ్ము అంటుకుంటుంది, అరగంటకల్లా నీడ జరిగిపోతుంది. చూసింది చూసినట్టు వేయాలంటే చేతికన్నా ముందు నిర్ణయం నడవాలి.

అదే కాలంలో కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరు పద్ధతి వేరే. 1903లో అక్కడికి వచ్చిన యొకొయామా టైకాన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారుల పని చూసి ఆయన తన వాష్ పద్ధతిని కట్టుకున్నాడు. రంగు వేసి, కాగితాన్ని నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ వేసి, మళ్లీ ముంచి, బొమ్మంతా మంచు పట్టినట్టు చేయడం అందులోని కిటుకు. దేశమంతా ఆ మంచు కమ్మింది. బందరుకు ప్రమోద్ కుమార్ ఛటర్జీ తెచ్చింది కూడా ఆ సంప్రదాయమే. రామారావు కలకత్తా వెళ్లాడు, చూశాడు, గౌరవించాడు, తిరిగొచ్చేశాడు. బెంగాలు మంచు ఆయన బొమ్మలమీద పూర్తిగా ఎన్నడూ దిగలేదు. బొంబాయి వెలుగు, అజంతా గీత, తెలుగు స్త్రీల కట్టూబొట్టూ కలిపి తన దారి తాను వేసుకున్నాడు. గోదావరి ఎండ తెలిసినవాడు అంత మంచు ఎలా వేస్తాడు?

1920ల తొలి ఏళ్లలో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. వరదా వెంకటరత్నం కుడిభుజం. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్లు చిత్రకారులు కావడమే విశేషమైతే, సత్యవాణి భర్త చిత్రాలకు ఎదురుగా కూర్చోవడం అంతకు మించిన ధైర్యం. దీన్ని ఎవరో రసిక కథగా చెప్పుకోవడం విన్నాను, నాకు నచ్చదు. ఊళ్లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసే దారి లేనప్పుడు ఆ చదువు ఆగిపోకుండా నిలబెట్టింది ఆవిడ. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్లాయి.

1925 ఫిబ్రవరి 6న మశూచికంతో పోయాడు. ఇంకో నెల బతికితే 28 నిండేవి. టీకా అప్పటికి కొత్త కాదు. బొంబాయిలో 1802లోనే ఒక పసిపాపకు మన దేశపు తొలి టీకా వేశారు. అయినా ఆ జబ్బు దేశం వదలడానికి రామారావు పోయాక ఇంకో 50 ఏళ్లు పట్టింది. ఆయన పోయిన ఏడాదే దేవులపల్లి కృష్ణశాస్త్రి కృష్ణపక్షం వెలువడింది. ఆకుల్లో ఆకులా కలిసిపోయే కవిత్వం తెలుగువాళ్లకు దొరికిన ఏడాదే, నేలని నేలగా చూసిన చిత్రకారుణ్ణి పోగొట్టుకున్నాం. భావకవిత్వానికి వారసులు వందలమంది వచ్చారు. రామారావు మనుషుల బొమ్మల శైలికి వెంకటరత్నం, ఇతర శిష్యులు వారసులయ్యారు. ప్రకృతి చిత్రానికి మాత్రం ఆ ఊపు రాలేదు. పత్రికలకు, క్యాలెండర్లకు కావలసింది పురాణం, పల్లెపడుచు. ఉత్త నది కాదు.

ఇక మన తీరానికి వద్దాం. రామారావుకు కొండలున్నాయి, మలుపులున్నాయి, మనకేమున్నాయి అనే వాళ్లకు నేను స్పెయిన్‌లో కాటలోనియా వంక చూపిస్తాను. అక్కడా ఇలాంటి కథే నడిచింది. ఓలోత్ అనే కొండ ఊళ్లో జోకిమ్ వైరేదా (1843–1894) ఆ లోయల్ని, పొలాల్ని, మబ్బుల్ని వేసి ఒక సంప్రదాయాన్నే నిలబెట్టాడు. ఆయనది పచ్చటి నేల. బొమ్మకు లోటు లేదు. నాకు ఆసక్తి కలిగించేది ఆయన కాదు, బార్సిలోనావాడు మొడెస్ట్ ఉర్గెల్ (1839–1919). ఈయన జీవితమంతా ఖాళీ సముద్రతీరాలు వేశాడు. కింద ఇసుక, పైన బూడిదరంగు ఆకాశం, మధ్య తిన్నగా ఒక గీత, మూల ఎక్కడో ఓ చర్చి గోపురం, పొద్దు గూకే వేళ. వేసిందే వేస్తున్నాడని విమర్శకులు సణిగారు. ఆయన మానలేదు. బార్సిలోనా కళాశాలలో ఆయన దగ్గర ప్రకృతి చిత్రణ నేర్చుకున్న కుర్రాళ్లలో ఒకడు జోన్ మిరో. ఆ తర్వాత ప్రపంచమంతా పేరు మోసిన మిరో చిత్రాల్లో ఖాళీని రెండుగా కోస్తూ కనిపించే ఆ అడ్డగీత ముసలి గురువు సముద్రతీరం నుంచి వచ్చిందే.

కాబట్టి చదునుగా ఉండటం తీరానికి లోపం కాదు. మైపాడులో నిలబడినా, కోడూరులో నిలబడినా మనకూ ఆ గీతే దక్కింది. వెలుగు మాత్రం రాజమండ్రికి తలకిందులు. ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేచి, వెలికొండల వెనక దిగుతాడు. సాయంత్రం సముద్రం మీద నేరుగా వెలుగు పడదు, మన వీపు వెనకనుంచి వచ్చి అలల నురగ ఒక్కదాన్నే వెలిగిస్తుంది. పెన్న మొగ దగ్గర నీళ్లెక్కడ ఆగాయో ఇసుకెక్కడ మొదలైందో చెప్పలేం. వానాకాలానికీ ఎండాకాలానికీ ఆ హద్దు మారిపోతుంది. కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ, పక్కన తెల్లగా ఉప్పు మళ్లు, ఆపైన ఇప్పుడు ఓడరేవు యంత్రాలు. దక్షిణాన పులికాటు మీద నీళ్లు పలచబడినప్పుడు రాజహంసలు దిగుతాయి. ఫొటోలు లక్షల్లో తీస్తున్నారు. తీయనివ్వండి. కానీ ఫొటో ఉన్నదంతా పట్టుకొస్తుంది. ఏది వదిలేయాలో తేల్చుకునేది చిత్రకారుడు. ఇంత ఖాళీ ఉన్న తీరానికి ఆ పని తెలిసినవాడే కావాలి. దుగరాజపట్నం మేట దగ్గర ఓడలవాడు గీసిన పట్టీకన్నా మంచి బొమ్మ ఈ తీరం గురించి నేనింకా చూడలేదని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

రామారావు పేరున రాజమండ్రిలో చిత్రశాల ఉంది. ఆయన పోయాక వెంకటరత్నం తదితరులు చిత్రాల్ని చెదరనివ్వకుండా కాపాడబట్టి అది నిలిచింది, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. గోదావరి స్నానానికి వెళ్లే నెల్లూరువాళ్లు వేలమంది. వాళ్లలో ఎంతమంది ఆ మెట్లెక్కుతారో నాకు అనుమానమే. నీటిరంగు చిత్రానికి ఇద్దరు శత్రువులు: ఎండ, చెమ్మ. నదీతీరపు ఊళ్లో రెండూ పుష్కలం. చూసేవాళ్లు లేని చిత్రశాలకు మరమ్మతు డబ్బు ఏ ప్రభుత్వమూ ముందుగా ఇవ్వదు. అందుకే వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, చిత్రాల స్థితి గురించి ఒక మాట రాసి రండి.

ఇంకో మనవి. నెల్లూరు, కావలి, గూడూరు, సూళ్లూరుపేట వైపు పాత ఇళ్లలో తాతల నాటి నీటిరంగు చిత్రాలు, డ్రాయింగు మాస్టర్లు వేసిన తీరం బొమ్మలు ఉంటే పారేయకండి. ఎండ పడే గోడ మీంచి దించండి. వెనక వైపు సంతకం, తేదీ ఉన్నాయేమో చూడండి. ఫొటో తీసి, ఎవరు వేశారో, ఏ ఊళ్లో వేశారో ఇంటి పెద్దల్ని అడిగి రాసి పెట్టుకోండి. వాళ్లు ఉండగానే అడగండి. వచ్చే భాగంలో 1877–78 కరువు పనుల్లో బకింగ్‌హాం కాలవ తవ్విన కూలీల దగ్గరికి వెళ్దాం.